యాంటీబాడీయా, లోహాన్ని పట్టిన పెప్టైడా: ఏది మేలు?

గుంటూరులో డిగ్రీ పిల్లల చేత బైయూరెట్ పరీక్ష చేయించిన ప్రతిసారీ నాకు సంబరమే. గుడ్డు తెల్లసొన కలిపిన నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ పోసి, రెండు చుక్కలు మైలుతుత్తం ద్రావణం వేస్తే నీలం కాస్తా వంకాయరంగుకు తిరుగుతుంది. ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాల్లోని నైట్రోజన్లు రాగిని పట్టుకున్నాయన్న మాట. అయితే అక్కడున్నది ఏ ప్రొటీనో ఆ రంగు చెప్పదు.

ఫలానా అణువునే గుర్తుపట్టే పని ఇప్పుడు ఎక్కువగా యాంటీబాడీలదే, అంటే రోగాలను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లది. గర్భనిర్ధారణ పట్టీ మీద గీత వాటి చలవే. పెద్ద ప్రొటీన్లను పోల్చుకోవడంలో వాటికి సాటి లేదు. కానీ ఒక్కొక్కటి సుమారు 1,50,000 డాల్టన్ల (ఒక డాల్టన్ దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువంత) బరువు, ఎన్నో మడతలు. ద్రావణాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రోహిణి కార్తెలో, బెజవాడ ఎండలో కరెంటు పోతే ల్యాబులో అందరి చూపూ ఫ్రిజ్ మీదే.

ఇదే పనికి పెప్టైడ్‌ను, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును వాడితే, పది పదిహేను ఆమ్లాలు చాలు. వాటిలో హిస్టిడిన్, సిస్టీన్ వంటివి జింకునో రాగినో పట్టి ఉంచుతాయి. లోహం చుట్టూ ఒక చోటు ఖాళీగా వదిలితే, పైరోఫాస్ఫేట్ (రెండు ఫాస్ఫేట్లు కలిసినది) వంటి చిన్న అణువు వచ్చి అక్కడ కూర్చుంటుంది. ముందే ఆ చోట ఒక రంగును కూర్చోబెడితే, అసలు అణువు దాన్ని తోసేస్తుంది, రంగు మారుతుంది. ఎంత చక్కని ఉపాయం! ఎండకు చెడిపోవడానికి దానికి పెద్ద మడతలు కూడా లేవు.

తయారీలోనూ తేడా ఉంది. యాంటీబాడీల కోసం కోహ్లర్, మిల్‌స్టీన్ 1975లో చూపిన పద్ధతికి ఎలుక కణాలు కావాలి. మెరిఫీల్డ్ 1963లో చెప్పిన పద్ధతిలో పెప్టైడ్‌ను రెసిన్ పూసల మీద ఒక్కొక్క ఆమ్లం చేర్చి అల్లుకోవచ్చు. 1984లో ఈ రెండు పద్ధతులకూ నోబెల్ వచ్చింది, ఒకటి వైద్యంలో, మరొకటి రసాయనశాస్త్రంలో.

మరి రక్తపరీక్షకు? నా ఓటు ఇప్పటికీ యాంటీబాడీకే. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌లో కొస నుంచి మూడో చోట ఉన్న హిస్టిడిన్ పెప్టైడ్ దగ్గరి రాగిని గట్టిగా లాక్కుంటుంది. చిన్న ఫాస్ఫేట్ అణువులకు, చౌకగా చేయాల్సిన పరీక్షలకు మాత్రం పెప్టైడ్‌నే ఎంచుకుంటాను.

ప్రాజెక్టుగా చేయాలనుకునే పిల్లలకు రెండు మాటలు: ఊదారంగు మూత గొట్టంలో తీసిన రక్తం వాడకండి, అందులోని ఈడీటీఏ అనే లోహాలను పట్టే రసాయనం మీ లోహాన్ని ఊడలాగేస్తుంది. ఫాస్ఫేట్ బఫర్ కూడా వద్దు, మీరు ఖాళీగా ఉంచిన చోట అదే కూర్చుంటుంది.