తమ్ముడి ట్రమడాల్ అలవాటుకు తిరుపతిలో వైద్యం: 8 నెలల తర్వాత రాస్తున్నా

మాది చంద్రగిరి. బైక్ యాక్సిడెంట్‌లో తమ్ముడి కాలు విరిగితే నొప్పికి ట్రమడాల్ రాశారు, కాలు అతుక్కున్నాక కూడా వాడు దాన్ని మానలేకపోయాడు. 2018లోనే అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఎలాగో తెచ్చుకునేవాడు. ఒక్క పూట లేకపోతే ఒళ్ళంతా పీకులు, ముక్కూ కళ్ళూ కారడం, విరేచనాలు.

మొదట వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు సెంటర్లో నెల రోజులు ఉంచాం. తాళం వేసి ఒక్కసారిగా అన్నీ ఆపేశారు, మందూ లేదు మాటా లేదు. ఇంటికొచ్చిన వారానికే మళ్ళీ మొదలుపెట్టాడు. నెల ఆపిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదని, ఊపిరే ఆగిపోవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ వారం తల్చుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది.

ఇప్పుడు చూపిస్తున్నది తిరుపతిలో ఒక సైకియాట్రీ క్లినిక్. తమ్ముణ్ణి ఎవరైనా గుర్తుపడతారని పేరు రాయడం లేదు. మొదటి రోజు డాక్టరమ్మ వాణ్ణి అడిగింది ఒకటే, "ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నావు నాయనా, నిజం చెప్పు, నేను తిట్టను." ఇచ్చేది బ్యుప్రెనార్ఫిన్, ఇలాంటి అలవాటు మాన్పించడానికి వాడే మాత్ర. పాత మందు ఒంట్లో పనిచేస్తుండగా ఇది వేస్తే బాధ ఇంకా ముంచుకొస్తుందట, అందుకే ఆవలింతలు, చెమటలు మొదలయ్యేదాకా కూర్చోబెట్టారు. మాత్ర మింగకూడదు, నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మాట్లాడకుండా ఉండాలి. సిస్టర్ ఎదురుగా నిలబడి చూసింది. కాసేపటికి వాడు "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ మాట, బయటికొచ్చి ఇడ్లీ తినిపించా.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పట్టించారని మా పెద్దమ్మ అంది, నాకూ ఆ అనుమానం ఉండింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, ట్రమడాల్ పట్టుకునే చోటే ఇదీ పట్టుకుంటుంది కానీ ఒక హద్దు దాటి మత్తు పెంచదు, యావ తగ్గుతుంది, మనిషి పని చేసుకోగలడు. నిజమే, తమ్ముడు మళ్ళీ షాపుకు వెళ్తున్నాడు. పెళ్ళి సంబంధం వచ్చిందని నాలుగో నెలలో ఆపేయమని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తోంది. ఈ మాత్రతోపాటు మద్యం తాగినా, నిద్రమాత్రలు వేసుకున్నా ప్రాణానికే ముప్పని ప్రతిసారీ హెచ్చరిస్తారు.

ఇబ్బందులు లేవని కాదు. ఓపీలో రెండు గంటలు కూర్చోవాలి, కౌన్సెలర్ రోజూ ఉండరు. మాత్రలు వారానికి సరిపడానే ఇస్తారు, బయట మెడికల్ షాపుల్లో మాకు దొరకలేదు, కాబట్టి వారంవారం తమ్ముడికి అరపూట జీతం పోతోంది. దుర్వినియోగం కాకుండా ఆ కట్టుబాటు అవసరమే, కానీ సాయంత్రం కూడా తెరిస్తే పనికెళ్ళేవాళ్ళు మధ్యలో మానేయరు.

నాలుగు స్టార్లు. ఇంట్లో ఇలాంటి టెన్షన్ ఉన్నవాళ్ళు ఏ సెంటర్‌కి వెళ్ళినా ముందు అడగండి, డాక్టర్ ఉంటారా, మందు ఇస్తారా, ఇంటికొచ్చాక కూడా చూస్తారా అని. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14446కి ఫోన్ చేయండి, ప్రభుత్వ నంబరే, డబ్బులు పడవు.