ఒకే ఆల్బమ్, రెండు రకాల ఆదరణ: ది ఎక్స్‌ఎక్స్

లండన్ కుర్రకారు బ్యాండ్ 'ది ఎక్స్‌ఎక్స్' తొలి ఆల్బమ్ 2009 ఆగస్టులో వచ్చింది. గిటార్, బేస్, డ్రమ్ మెషీన్, గుసగుసలాడుకున్నట్టు పాడే రెండు గొంతులు. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు.

విమర్శకులకు ఆ పొదుపే నచ్చింది. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ 10కి 8.7 ఇచ్చింది. అంత చిన్న వయసులో అంత నిగ్రహం ఎలా అబ్బిందన్నదే సమీక్షకుల ఆశ్చర్యం. 2010 సెప్టెంబరులో, ఏటా ఉత్తమ ఆల్బమ్‌కి బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ కూడా దక్కింది.

శ్రోతల దారి వేరు. మొదట్లో బ్రిటన్ చార్టుల్లో ఈ ఆల్బమ్ పెద్దగా పైకి రాలేదు, చెప్పుకోదగ్గ హిట్ సింగిల్ కూడా లేదు. చాలామందికి బ్యాండ్ పేరు కంటే ముందు ఆల్బమ్ మొదట్లో వచ్చే 'ఇంట్రో' ట్యూన్ చేరింది. రెండు నిమిషాల పైచిలుకు ముక్క, మాటలు లేవు. గిటార్ మీద కొన్ని స్వరాలు తిరిగి తిరిగి వస్తుంటే కింద బేస్ మెల్లగా కదులుతుంది. 2010 బ్రిటన్ ఎన్నికల ప్రసారాల్లో బీబీసీ దాన్ని వాడుకుంది. 2011లో రిహానా పాటలోకీ ఎక్కింది. మెర్క్యురీ తర్వాత ఆల్బమ్ ఏకంగా 3వ స్థానానికి వెళ్లింది.

పాటలన్నీ ఒకేలా ఉన్నాయి, నిద్రొస్తోంది అన్నవాళ్లూ ఉన్నారు. ఒక్కసారి విని వదిలేస్తే అలా అనిపించడం సహజమే. నా ఓటు మాత్రం శ్రోతలకే. సమీక్షకులు నిగ్రహాన్ని మెచ్చుకున్నారు. వినేవాళ్లు 'ఐలాండ్స్' పాటలో అబ్బాయి, అమ్మాయి గొంతులు కలిసే చోటు కోసం మళ్లీ మళ్లీ పెట్టుకున్నారు.