ఎల్లో లైను ఎక్కి వచ్చినాను: గుంతకల్లు గ్యాంగు మేటు మాట

ముందు మన అనంతపురం జిల్లా వాళ్లకు పనికొచ్చే సంగతి చెప్పేస్తా. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీకి పోవాలంటే ఇక మెజెస్టిక్‌లో సిటీ బస్సు పట్టుకుని, సిల్క్ బోర్డు కాడ ట్రాఫిక్కులో పొగ పీలుస్తా కూర్చునే పని లేదు. మీ రైలు యశ్వంతపురం పోయేదైతే అక్కడే, మెజెస్టిక్ పోయేదైతే అక్కడే గ్రీన్ లైను మెట్రో ఎక్కండి. ఆర్.వి. రోడ్డులో దిగి ఎల్లో లైనుకు మారండి. అక్కడి నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల చిల్లర, 16 స్టేషన్లు. 35 నిమిషాలు పడుతుందంతే. మా అమ్మాయి కాపురం హెబ్బగోడిలో. ఈ లైను పడేదాకా గుంతకల్లు నుంచి బెంగళూరు చేరేది ఒక ఎత్తు, బెంగళూరు నుంచి హెబ్బగోడి చేరేది ఇంకో ఎత్తు.

సీట్లు గట్టివి. ఏసీ చల్లగానే ఉంది. ఆ సంగతి అంతటితో సరి. రైల్వేలో పట్టాల బాగోగులు చూసే గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ గ్యాంగుకు పెద్ద అయిన మేటుగా రిటైరైన వాణ్ణి, నేను చూసింది కింద పట్టా.

ఈ లైను తెరిచింది 2025 ఆగస్టు 10న. నేను మాత్రం 2024 ఉగాది పండక్కి పోయినప్పటి నుంచి దీన్ని చూస్తానే ఉన్నా. అమ్మాయి వాళ్ల మిద్దె ఎక్కితే లైను కనబడుతుంది. ఖాళీ రైలు ఒకటి మెల్లగా పోతుంది, ఆగుతుంది, కొంచెంసేపు ఊరికే నిలబడుతుంది, మళ్లీ వెనక్కొస్తుంది. పక్కింటోళ్లు చూసి నవ్వుకునేవాళ్లు. మా అల్లుడైతే ఒకటే సణుగుడు: "ఏం మామా, పట్టాలు పడినాయి, స్టేషన్లు లేచినాయి, రైలూ వచ్చింది. ఇంకేం శాస్త్రం మిగిలింది వీళ్లకు?"

రైలు వచ్చిందంటే వచ్చింది ఒక్కటే కదప్పా అన్నాను. బండ్లకు 2019లోనే చైనా కంపెనీ సి.ఆర్.ఆర్.సి.కి కాంట్రాక్టు ఇచ్చినారు. మొదటి రైలు సముద్రం మీద చెన్నై రేవుకు దిగి, ట్రైలర్ లారీల మీద హెబ్బగోడి డిపోకు చేరేసరికి 2024 ఫిబ్రవరి అయింది. తర్వాతవి కలకత్తా దగ్గర టీటాగఢ్ వాళ్లు తయారు చేసి పంపాల. రెండోది అక్కడి నుంచి బయల్దేరిందే 2025 జనవరిలో. బండి కొత్త రకం, నడిపే పద్ధతీ కొత్తదే. డ్రైవరు చెయ్యి పెట్టకుండానే సిగ్నళ్ల లెక్కన తనంతట తాను నడిచే రైలది. దాన్ని తెచ్చి ఊరికే జనాన్ని ఎక్కించేస్తారా?

ఇట్లాంటి లైను మీద మొదట చేసేది స్పీడు పరీక్ష కాదు. మనిషి నడిచే వేగంలో బండిని జరిపి చూస్తారు. ప్లాట్‌ఫారం అంచు పెట్టెకు రాసుకుంటుందా, వంపులో పెట్టె మూల బయటికి పొడుచుకొచ్చి గోడకో స్తంభానికో తగులుతుందా అని. ఆ తర్వాత కరెంటు, బ్రేకులు. లక్నోలో ఉండే రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. వాళ్ల ఆసిలేషన్ (ఊగుడు) పరీక్ష అప్పుడైతే జనం బరువుకు ఇసుక బస్తాలు వేసి, వేగం పెంచుకుంటా పోయి, పెట్టె ఎంత ఊగుతాందో మిషన్లు పెట్టి రాసుకుంటారు. ఖాళీ బండి ఆగే తీరు వేరు, నిండు బండి ఆగే తీరు వేరు. చివరకు మెట్రో సేఫ్టీ కమిషనర్ వచ్చి సంతకం పెడితేనే తెరిచేది. ఈ లైనుకు ఆయన వచ్చింది 2025 జులై చివర్లో.

మన దగ్గర కూడా ఇదే తంతు. ధర్మవరం-పాకాల మీటర్ గేజిని బ్రాడ్ గేజి చేసినప్పుడు నేను ఆ పనిలో ఉన్నాను. సి.ఆర్.ఎస్., అంటే రైల్వే సేఫ్టీ కమిషనర్, వస్తాడంటే ముందు నుంచే గ్యాంగుకు నిద్ర ఉండదు. ఆయన మోటార్ ట్రాలీ మీద పోతా యాడ ఆపమంటాడో తెలీదు. దిగి గేజి పెట్టి రెండు పట్టాల మధ్య ఎడం కొలుస్తాడు, బండి లైను మారే పాయింట్ల కాడ వంగి చూస్తాడు. స్పీడు ట్రయల్ రోజు పట్టాల దగ్గరికి రావద్దు, గొర్రెల్ని తోలొద్దు అని ఊళ్లల్లో దండోరా. అయినా ఎవడో ఒకడు గొర్రెల మందతో అడ్డం వచ్చేవాడు.

అయితే రెంటికీ ఒక తేడా ఉంది. మన లైను కంకర మీద ఉంటుంది. కొత్త లైను తెరిచినా మొదట కాషన్ పెట్టి, అంటే ఇంత వేగం దాటొద్దని హద్దు పెట్టి, నెమ్మదిగానే నడుపుతారు. బండ్లు తిరిగేకొద్దీ కంకర సర్దుకుంటుంది, యాడన్నా కుంగితే గ్యాంగు పోయి పట్టా కింద కంకర కూరి ప్యాకింగ్ చేస్తుంది, అప్పుడు వేగం పెంచుతారు. అంటే సగం పరీక్ష తెరిచినాక కూడా జరుగుతానే ఉంటుంది. ఇక్కడ కంకరే లేదు. వంతెన మీద కాంక్రీటు దిమ్మ, దానికి బిగించిన పట్టా. గడారి పట్టుకుని పోయి సర్దేది ఉండదు. కాబట్టి జనం ఎక్కకముందే అంతా సరిగ్గా రావాల. ఖాళీ రైలు అన్ని నెలలు తిరిగింది దండగ కాదని మా అల్లుడితో వాదించింది ఇందుకే. ఒప్పుకున్నాడా అంటే, లేదు.

ఇప్పుడు ఎక్కినాక నా రివ్యూ. పట్టాల మీద తీగ లేదు. మన కాడ 25 వేల వోల్టుల తీగ నెత్తిన ఉంటుంది, ఇక్కడ 750 వోల్టుల డి.సి. కరెంటు పక్కనున్న మూడో పట్టాలో పారుతుంది. గేజి కూడా మనది 1676 మిల్లీమీటర్లు, వీళ్లది 1435. పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందులో నా చెప్పు అడ్డంగా పెడితే పట్టదు. రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవరు, ఆ పైన మెట్రో. ఆ భాగంలో కావాలనే కమ్మీ వదిలేసి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినాను. పక్కనున్న పిల్లోడు "తాతా, పట్టుకోండి" అని కన్నడంలో అంటానే ఉన్నాడు. ఒక్క అదురు లేదు. వంపులో చక్రం పట్టాను ఒరుసుకునే కీచు మాత్రం సన్నగా వినబడింది, అది యాడైనా ఉండేదే. జాయింట్ల టకటక లేదు, అంతా వెల్డింగే. పని చేసినోళ్లు ఎవరో గానీ, వాళ్లకు దండం పెట్టాల.

మా మనవడికి మాత్రం కోపం వచ్చింది. డ్రైవరు లేని రైలని నేను ఊరించి తీసుకుపోతే, ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు. మొదట్లో అట్లే మనిషిని పెట్టి నడుపుతారురా అంటే, "అయితే నువ్వు చెప్పింది అబద్ధం" అని ముఖం తిప్పేసినాడు. నాకైతే ఆయన కూర్చున్నదే నచ్చింది.

ఇక నచ్చనిది. అన్ని పరీక్షలు చేసి, తీరా తెరిచింది మూడు రైళ్లతో. 25 నిమిషాలకు ఒక బండి. 25 నిమిషాలు కాచుకునేదాన్ని మెట్రో అంటారా? అది మన గుంతకల్లు ప్యాసింజరు! కొత్త బండ్లు ఒక్కొక్కటే వచ్చి చేరేకొద్దీ ఆ గడువు తగ్గించుకుంటా వచ్చినారు, నిజమే. కానీ లైను సిద్ధంగా ఉండి బండ్లు లేకపోవడం ఏ రైల్వే వాడికైనా చూడబుద్ధి కాదు. పట్టాకు ఐదుకు ఐదు ఇస్తా, బండ్ల సంఖ్యకు రెండే.

సామాను సంగతి. శెనక్కాయలు, బియ్యం మూటకట్టుకుని పోయే అలవాటు మనకు ఉంది కదా. బ్యాగులన్నీ స్కానింగ్ మిషన్‌లో వేయాల, మరీ పెద్ద మూటైతే దానికి వేరే టికెట్టు. మా ఇంటామె ఈసారి శెనక్కాయల్ని రెండు చేతిసంచుల్లో సర్దింది. రాత్రి రైలుకు పోయి తెల్లారి యశ్వంతపురంలో దిగండి, అప్పుడు మెట్రోలో నిలబడే చోటన్నా దొరుకుతుంది. ఆఫీసు టైముకు దిగితే ఆర్.వి. రోడ్డులో మారేకాడ ఆ రద్దీలో సంచి మీది మీకే కనబడదు.