పెంకుటింటి దూలం చెక్ చేయించాం, ఇంజినీరు గారి సర్వీస్ ఎలా ఉందంటే

సోంపేట దగ్గర మాది తాతల నాటి పెంకుటిల్లు. హాల్లో దూలం మధ్యలో కిందకి దిగినట్టు కనిపిస్తోందని శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ ఇంజినీరు గారిని పిలిపించాం. ఇల్లు చూసి రిపోర్టు రాసిస్తారు, అంతే, రిపేరు పని పట్టుకోరు. అందుకే ఆయన మాట మీద నమ్మకం కుదిరింది నాకు.

అంతకుముందు వచ్చిన కాంట్రాక్టరు కింద నుంచే ఓసారి చూసీసి మధ్యలో ఇనప స్తంభం పెట్టీద్దాం అన్నాడు, ఇంకొకాయనైతే మొత్తం పడగొట్టి స్లాబ్ వేసుకోమన్నాడు.

ఈయన వస్తూనే దూలం కింద ఈ చివర నుంచి ఆ చివరకి తాడు బిగించి లాగించి మధ్యలో టేపు పెట్టారు, 14 అడుగుల దూలం అంగుళంన్నర దిగింది. "దీనికి కంగారు పడకు బాబూ, ఏళ్ల తరబడి బరువు మోస్తే కర్ర వంగుతాది, బరువు తీసినా పూర్తిగా లేవదు" అన్నారు. తర్వాత నిచ్చెనెక్కి టార్చి వేసి పగుళ్లు చూపించారు, లోపల పాత సున్నం పట్టుకుని ఉంటే అది ఎప్పటిదో, కర్ర రంగు తాజాగా కనిపిస్తే ఈమధ్యది. మధ్యలోవన్నీ సున్నం పట్టినవే. అక్కడితో ఆపకుండా గోడలోకి దూరే చివర్ల దాకా సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు, తూర్పు వైపు గట్టిగా మోగింది, పడమర వైపు డొల్ల శబ్దం, స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది. మా నాన్న అక్కడే కూలబడిపోయారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ మూల పెంకులు లేచిపోయాయి, మార్పించినా వానకి గోడ వెంట నీరు దిగుతూనే ఉంది, మట్టిగోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ ఉండడంతో తడి ఆరే దారి లేక లోపల దూలం కుళ్లిపోయిందట. మధ్యలో స్తంభం పెట్టుంటే ఆ చివర అలాగే కుళ్లుతూ ఉండేది, మాకు తెలిసేదే కాదు!

ఆ రోజే గోడ పక్కన దూలం కింద సరుగుడు బాదులు ఆసరాగా పెట్టించారు, బరువు ఒక్కచోటే పడకుండా కింద మందపాటి పలక వేయించి మరీ. వంపు పోవాలని జాకీతో ఒక్కసారే లేపొద్దని, పెంకులూ గోడలూ పగులుతాయని మరీ మరీ చెప్పారు.

చెప్పిన రోజుకి రాలేదు, రెండుసార్లు వాయిదా వేశారు, అదొక్కటే ఇబ్బంది. చేతిరాత రిపోర్టులో కుళ్లిన భాగం ఎంతవరకు కోయాలో, కొత్త ముక్క ఎలా అతకాలో, గోడలో దూలం చుట్టూ గాలాడేలా ఎంత ఖాళీ వదలాలో బొమ్మ గీసి ఇచ్చారు, మా వడ్రంగి ఆ కాగితం పక్కన పెట్టుకునే పని చేస్తున్నాడు.