నవ్వుకుందామని ‘కాండీడ్’ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఫ్రెంచి రచయిత వోల్టేర్ రాసిన వ్యంగ్య నవల ‘కాండీడ్’ ఇంగ్లీషు అనువాదం ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఎవరన్నా ఉంటే ఇది చదివాక డబ్బులు కట్టండి. నేను తీసుకున్న కాపీకి అట్ట వెనక కడుపుబ్బా నవ్విస్తుందని రాసుంది. నాకు మాత్రం కడుపులో తిప్పింది.

2021 నవంబరులో పెన్నా పొంగి, కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, ఇంట్లోకి నీళ్లొచ్చిన మా పిన్నికి ఫోన్ చేసి ‘అంతా మన మంచికేలేమ్మా’ అన్న పెద్దమనుషులున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. అదే మాటని 1759లోనే ఒకాయన చీల్చి చెండాడాడని తెలిస్తే కొనకుండా ఎట్లా ఉంటాను?

చెండాడిన మాట నిజమే. 1755లో లిస్బన్‌లో భూకంపమొచ్చి వేలమంది చచ్చిపోతే, కథానాయకుడు కాండీడ్‌కి చదువు చెప్పిన పాంగ్లాస్ అనే గురువు శిథిలాల మధ్య నిలబడి ఇదంతా మంచికే జరిగిందని వాదిస్తాడు. సుఖరోగంతో ముక్కు ఊడిపోయినా అదే పాట, ఆ రోగం అమెరికా నుంచి రాకపోతే మనకు చాక్లెట్ వచ్చేది కాదు కదా అంటాడు! ఇక్కడిదాకా బాగుంది సామీ. కానీ ముప్పై అధ్యాయాలూ అదే జోకు. వేలు తెగిన రాజు, ‘అంతా మన మంచికే’ అన్న మంత్రి కథ చిన్నప్పుడు మనందరం విన్నదే, అది ఒక పేజీలో అయిపోతుంది.

అసలు ఇబ్బంది ఆడవాళ్ల విషయంలో. కాండీడ్ ప్రేమించిన క్యునెగొండ్‌ని సైనికులు చెరిచి పొట్ట చీలుస్తారు, కొన్ని పేజీల తర్వాత ఆమె బతికే ఉంటుంది. ఆమెకి తోడుండే ముసలమ్మ పిరుదొకటి కోసుకుని తింటారు, అదీ హాస్యమే. ఉరితీసిన పాంగ్లాస్ కూడా తిరిగొస్తాడు. చచ్చినవాళ్లంతా లేచొస్తుంటే ఇంక ఎవరి మీద జాలి పడాలి? కథలు అప్పట్లో అట్లాగే ఉండేవి, వాటినే వోల్టేర్ ఎగతాళి చేశాడు అంటారు, కావచ్చు, చదివేది నేను ఇప్పుడు కదా. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో చెయ్యీ కాలూ పోగొట్టుకున్న బానిస, మీరు యూరప్‌లో చక్కెర తింటున్నది ఈ ఖరీదుకే అనే చోటొక్కటే నన్ను నిజంగా పట్టుకుంది. పుస్తకమంతా అట్లా ఉంటే ఈ పోస్టు రాసేవాడిని కాదు.

చివరికి తేల్చేది, మన తోట మనం సాగు చేసుకోవాలి అని. ఇసుక మేట వేసిన పొలం గట్టు మీద నిలబడి ఈ ముక్క చెప్పి చూడండి, ఏమంటారో.

ఇంకా కొనాలనిపిస్తే వెనక వివరణలు ఉన్న ప్రతి చూసుకోండి. నాకొచ్చినదాంట్లో ఒక్క ఫుట్‌నోట్ లేదు. పాంగ్లాస్ పాడే ‘అంతా మంచికే’ పాటకి మూలమైన జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఎవరో, 1757లో ఇంగ్లీషువాళ్లు తమ నౌకాదళ అధికారి అడ్మిరల్ బింగ్‌నే ఎందుకు కాల్చి చంపారో తెలియకపోతే సగం చురకలు తగలవు. అడిగితే అమ్మినాయన, చదివిన పుస్తకం వాపసు తీసుకోం అన్నాడు. పాత అనువాదాలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడ నాలుగు అధ్యాయాలు చదివి చూడండి. నా కాపీయే కావాలంటే సగం ధరకి ఇస్తా, నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు వచ్చి తీసుకెళ్లండి. పక్కన పెన్నుతో రాసిన తిట్లు మాత్రం ఉంటాయి.