పాడిందే పాడితే గెలుస్తారా? ‘అమెరికాస్ గాట్ టాలెంట్: ది ఛాంపియన్స్’ రెండు సీజన్లు

పాడిందే పాడరా పాచిపళ్ల దాసరి అని సామెత. గెలిచినవాళ్లనీ, ఓడినా జనం మరిచిపోనివాళ్లనీ వెనక్కి పిలిచి మళ్లీ బరిలోకి దించే షోలన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. మొదటిసారి స్టేజి ఎక్కినప్పుడు ‘ఈ మనిషిలో ఇంతుందా!’ అనే ఆశ్చర్యమే సగం మార్కులు తెచ్చిపెడుతుంది. రెండోసారి అది ఉండదు. పాట, మ్యాజిక్, విన్యాసం ఏదైనా చూపించి పోటీపడే అమెరికన్ టీవీ షో ‘అమెరికాస్ గాట్ టాలెంట్’కి అనుబంధంగా ఎన్‌బీసీ ఛానల్ తెచ్చినదే ఈ ‘ఛాంపియన్స్’. ఆశ్చర్యం పోయాక మిగిలేది ఎంత అన్నదే ఇందులో అసలు పరీక్ష. ఓటింగ్ పద్ధతి మాత్రం ఆ పరీక్షకు తగ్గట్టు లేదు.

మొదటి సీజన్ 2019 జనవరి 7న మొదలై ఏడు సోమవారాలు నడిచింది. యాంకర్ టెరీ క్రూస్. జడ్జీలు సైమన్ కవెల్, హోవీ మాండెల్, హైడీ క్లూమ్, మెల్ బి. అమెరికా నుంచే కాదు, బ్రిటన్, స్పెయిన్ లాంటి దేశాల ‘గాట్ టాలెంట్’ల నుంచి కూడా పిలిచి మొత్తం యాభై జట్లను దించారు. వారానికి పది చొప్పున ఐదు ఎపిసోడ్లు, ఆరోది పన్నెండు మందితో ఫైనల్, ఏడోది ఫలితాలు. నలుగురు జడ్జీలకూ యాంకర్‌కూ తలో గోల్డెన్ బజర్ ఉంటుంది. అది మోగిందంటే నేరుగా ఫైనల్‌కే.

మిగతావాళ్ల తలరాత చాలావరకు ‘సూపర్‌ఫ్యాన్స్’ చేతిలో. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఓటేయడం ఇక్కడ కుదరదు. అమెరికాలోని యాభై రాష్ట్రాల నుంచి తెచ్చిన వీరాభిమానులు హాల్లోనే నొక్కుతారు. కారణం సులువే. షో అంతా ముందే షూట్ చేసి పెట్టుకున్నది, టీవీలో వచ్చేసరికి విజేత తేలిపోయి ఉంటుంది. దీనివల్ల రెండు తేడాలు జరుగుతాయి. ఓటేసేవాళ్లంతా అమెరికన్ షో అభిమానులే కాబట్టి వేరే దేశంలో గెలిచి వచ్చినవాళ్లకు ఇక్కడ పేరుండదు, సున్నా నుంచి మొదలుపెట్టాలి. రెండోది, ఫలితాల ఎపిసోడ్‌లో ఉండాల్సిన ఉత్కంఠ చప్పబడిపోతుంది.

ఇక ఆట సంగతి. స్పెయిన్ విజేత క్రిస్టినా రామోస్‌ని తీసుకోండి. ఒపెరా పాడుతూ పాడుతూ ఒక్కసారిగా రాక్‌లోకి దూకడం ఆమె ప్రత్యేకత. గొంతు అద్భుతం, ఫైనల్‌కి కూడా వచ్చింది. కానీ ఆ మలుపు ముందే తెలిసినవాడికి ఒపెరా భాగమంతా ‘ఎప్పుడు దూకుతుందా’ అని ఎదురుచూడటంతోనే సరిపోతుంది. 2009లో బ్రిటన్ ‘గాట్ టాలెంట్’లో సంచలనమైన గాయని సూజన్ బాయిల్‌దీ అదే తంటా. మెల్ బి గోల్డెన్ బజర్ కొట్టింది. అందులో ఆ పూట పాటకెంత, పదేళ్ల నాటి జ్ఞాపకానికెంత అని విడదీసి చెప్పడం కష్టం. స్టాండప్ కమెడియన్లకు ఇంకా గడ్డు పరిస్థితి. పాట రెండోసారి విన్నా బాగుంటుంది, జోకు మాత్రం చల్లారిన బజ్జీయే. ప్రతిసారీ కొత్త సరుకు రాసుకోవాల్సిందే.

మెజీషియన్ షిన్ లిమ్‌కి ఆ బెంగ లేదు. 2018 సెప్టెంబరులో అసలు షో గెలిచి, వెంటనే ఇక్కడికొచ్చి దీన్నీ గెలిచాడు. నోరు విప్పడు, చేతిలో పేకముక్కలు తప్ప పెద్ద సరంజామా ఉండదు. చేతులు కనిపిస్తూనే ఉంటాయి, ముక్క మాయమవుతూనే ఉంటుంది. చేతివాటంలో లోతున్నవాడికి రెండోసారి చూడటం అడ్డు కాదు, ఈసారి ఎలాగైనా పట్టేయాలని మనమే కళ్లు పెద్దవి చేసుకుంటాం. పైగా ఇది క్లోజప్ మ్యాజిక్, అంటే దగ్గర నుంచి చూడాల్సిన చేతి గారడీ. హాల్లో వెనక వరుసలో కూర్చున్నవాడికంటే టీవీ ముందు కూర్చున్నవాడికే బాగా కనిపిస్తుంది.

రెండో సీజన్ (2020) నలభై మందితో, మధ్యలో ఒక సెమీఫైనల్‌తో కుదురుగా ఉంది. మెల్ బి స్థానంలో అలీషా డిక్సన్ వచ్చింది. ఆడగొంతూ మగగొంతూ తానే అయి యుగళగీతం పాడే ఫిలిప్పీన్స్ గాయకుడు మార్సెలిటో పోమోయ్‌ని చూడండి. మన మిమిక్రీ అలవాటున్న చెవికి ఇట్టే పట్టుకుంటుంది.

గెలిచింది ముంబై కుర్రాళ్ల బృందం వి.అన్‌బీటబుల్. 2019లో అసలు షోలో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నవాళ్లు. ప్రాక్టీసులో దెబ్బతిని చనిపోయిన స్నేహితుడు వికాస్ పేరే ఆ ‘వి’. మనిషి మీద మనిషి ఎక్కి మేడ కట్టడం, పైనుంచి దూకినవాణ్ణి కింద గుంపు పట్టుకోవడం వీళ్ల పని. ఇలాంటి ఆటకు తిరిగి రావడం లాభమే. అదే విద్యను ఇంకో మనిషి ఎత్తు పెంచొచ్చు, ఇంకో పల్టీ కలపొచ్చు, ప్రమాదం ఎంతన్నది చూసేవాడికి కంటితోనే తెలుస్తుంది. చిరాకంతా ఎడిటింగ్‌తోనే. మనిషి గాల్లో ఉండగా జడ్జి తెరిచిన నోరు చూపిస్తారు. ఎగరేసిన చేతి నుంచి పట్టుకున్న చేతి దాకా ఒకే షాట్‌లో, దూరం నుంచి చూపిస్తేనే ఆ కష్టం అర్థమవుతుంది.

టైము విషయంలో ముందే చెప్పాలి. ఒక్కో ప్రదర్శన రెండు మూడు నిమిషాలు, పదీ కలిపినా అరగంట. యాడ్స్‌తో కలిపి రెండు గంటల స్లాట్‌లో మిగతాదంతా పాత క్లిప్పులు, కన్నీళ్లు, జడ్జీల పొగడ్తలు. షో అధికారిక యూట్యూబ్ ఛానల్‌లో ప్రదర్శనలు విడివిడిగా దొరుకుతాయి. ఒక్కొక్కరిదీ పాత ఆడిషన్ ముందు, ‘ఛాంపియన్స్’ వీడియో తర్వాత వరసగా చూడండి. ఎవరు ఎదిగారో, ఎవరు అక్కడే ఉన్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

2023లో ఇదే సరుకు ‘ఆల్ స్టార్స్’ పేరుతో అరవై మందితో మళ్లీ వచ్చింది. 2021లో రన్నరప్‌గా మిగిలిన ఏరియల్ (గాల్లో వేలాడుతూ విన్యాసాలు చేసే) కళాకారుడు ఏడెన్ బ్రయంట్ గెలిచాడు. మళ్లీ గాల్లో తేలేవాడే! 2024 నాటి ‘ఫాంటసీ లీగ్’లో జడ్జీలకు తలా పదిమందిని అప్పగించి కోచ్‌లను చేశారు. దాంతో పాత ఆటలో ఏం మార్చాలో చెప్పే మనిషి ఒకరు కంటెస్టెంట్ పక్కన నిలబడ్డారు. మొదటి సీజన్ నుంచే ఉండాల్సిన ఏర్పాటు అది.