మొత్తం చేసి ఇవ్వాలా, దారి చూపి ఆగాలా?

తోటి విద్యార్థి లెక్క పట్టుకుని వస్తే, మొత్తం సాధించి చేతిలో పెట్టవచ్చు. లేదా ఒక్క ప్రశ్న అడిగి ఆగవచ్చు.

రసాయన శాస్త్రంలో నా ఓటు రెండోదానికే. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ చర్య జరిపితే ఎంత నీరు వస్తుంది? చాలామంది రెండూ కూడేసి 20 గ్రాములంటారు. 'మోల్స్‌లోకి, అంటే కణాల లెక్కలోకి మార్చు, ఏది ముందు అయిపోతుంది?' అంటే చాలు. హైడ్రోజన్ 2 మోల్స్, ఆక్సిజన్ అర మోల్; ఆ అర మోల్‌కు ఒక మోల్ హైడ్రోజన్ చాలు. ఆక్సిజన్ అయిపోయేసరికి 18 గ్రాముల నీరు వస్తుంది, 2 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. ఆ మిగులును తానే కనిపెట్టినవారు మళ్లీ గుడ్డిగా కూడరు. పూర్తి సాధన చూసినవారు తలూపుతారు. అర్థం కాకుండా తలూపడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు!

గణితంలో అంత పట్టుదల కుదరదు. ఎక్స్ సైన్ ఎక్స్ సమాకలనానికి 'దేన్ని అవకలనం చేస్తే తేలికవుతుంది?' అన్న సూచన, విభాగ సమాకలన పద్ధతి (లబ్ధాన్ని భాగాలుగా విడదీసి సమాకలనం చేయడం) తెలియనివారికి పొడుపుకథే. వారికి ఇది ఆసాంతం చేసి చూపి, ఎక్స్ కాస్ ఎక్స్‌ను వారే చేసేందుకు వదిలేయడం మేలు. తెల్లారితే పరీక్ష అయితే మాత్రం పూర్తి సాధనే ఇస్తాను, కాస్త గొణుక్కుంటూ.